ఆయిల్ వెళ్ళింది సరే, తిరిగొచ్చే దారేది?

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా ట్రాక్టర్ హైడ్రాలిక్స్ మీదే. అడిగినవాళ్ళు వేరు, పనిముట్లు వేరు. చాలావాటిలో చిక్కు మాత్రం ఒకటే. పంపు నుంచి ఆయిల్ ఎలా తీసుకోవాలన్నది అందరూ ఆలోచించారు, పని అయ్యాక అది ట్యాంకుకి ఎలా చేరుతుందన్నది కొద్దిమందే ఆలోచించారు. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు ఇస్తున్నాను. అది సరిగ్గా అర్థమైతే తక్కినవి సులువు.

ప్రశ్న: *హైడ్రాలిక్ రివర్సిబుల్ నాగలి కొన్నాను. దానికి రెండు హోస్ పైపులున్నాయి. నా ట్రాక్టరు పాతది. ట్రాలీ జాకీకి ఆయిల్ ఇచ్చే పాయింటు వెనకాల ఒక్కటే ఉంది. రెండు పైపులకీ టీ జాయింటు పెట్టి ఆ పాయింటుకే కలిపెయ్యమని ఒకరన్నారు. ఒకటి తగిలించి రెండోది డబ్బాలో పెట్టమని ఇంకొకరు. ఏది చెయ్యమంటారు?*

రెండూ చెయ్యకండి. ఇద్దరూ మంచి మనసుతోనే చెప్పుంటారు, కాకపోతే సిలిండర్ లోపల ఏం జరుగుతుందో ఇద్దరూ చూడలేదు.

మీ నాగలిని పల్టీ కొట్టించేది డబుల్ యాక్టింగ్ సిలిండర్. పిస్టన్‌కి ఒక పక్క ఆయిల్ వస్తే రాడ్డు బయటికి వస్తుంది, రెండో పక్క వస్తే లోపలికి పోతుంది. ఒక పక్కకి ఆయిల్ వస్తున్నప్పుడు రెండో పక్క ఉన్న ఆయిల్ ఖాళీ అవ్వాలి. దానికి దారి మూసేస్తే రాడ్డు కదలదు. ట్రాలీ జాకీకి ఈ గొడవ లేదు. అది సింగిల్ యాక్టింగ్. ఆయిల్ పైకి లేపుతుంది, తొట్టి బరువు కిందికి దించుతుంది, పోయిన ఆయిల్ పోయిన దారినే వెనక్కి వస్తుంది. అందుకే మీ ట్రాక్టరుకి ఒక్క పాయింటే ఇచ్చారు.

టీ జాయింటు సంగతి లెక్కలో చూద్దాం. సిలిండర్ లోపలి వ్యాసం 80 మిల్లీమీటర్లు, రాడ్డు 40 మిల్లీమీటర్లు అనుకోండి. తోసే పక్క పిస్టన్ వైశాల్యం సుమారు 50 చదరపు సెంటీమీటర్లు. రాడ్డు పక్క దాని మందం పోగా మిగిలేది 37.5. పీడనం 150 బార్ (ఒక బార్ అంటే చదరపు సెంటీమీటరుకి దాదాపు కిలో బరువు) ఉంటే తోసే బలం ఏడున్నర టన్నులకి కాస్త పైన, లాగే బలం ఐదున్నర టన్నులకి పైన. ఇప్పుడు టీ పెట్టి రెండు పక్కలకీ ఒకే ఆయిల్ ఇస్తే రెండు బలాలూ ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయి. చివరికి మిగిలేది రాడ్డు మందం మేరకు, అంటే 12.5 చదరపు సెంటీమీటర్ల బలం. రెండు టన్నులు కూడా లేదు, అదీ తోసే దిక్కునే. రాడ్డు బయటికి వస్తుంది, కాబట్టి మొదటిసారి "ఆహా, పనిచేసింది" అనుకుంటారు. తర్వాత దాన్ని లోపలికి లాగే మార్గం ఉండదు.

డబ్బా పద్ధతిలో రాడ్డు కదులుతుంది, నిజమే. కదిలిన ప్రతిసారీ ఆయిల్ డబ్బాలోకి పోతుంది. అది ట్రాక్టర్ గేరు పెట్టెలోని ఆయిల్ (మీ ట్రాక్టరుకి ట్యాంకు అదే), మళ్ళీ దానంతటది అక్కడికి చేరదు. వెనక్కి రావాల్సినప్పుడు రాడ్డుని లాగడానికి అటు పక్క పీడనమూ ఉండదు.

మీకు కావలసింది డబుల్ యాక్టింగ్ స్పూల్ వాల్వ్. దానికి నాలుగు దారులుంటాయి. పంపు నుంచి వచ్చేది, ట్యాంకుకి పోయేది, సిలిండర్‌కి వెళ్ళే రెండు. లివరు ఒక దిక్కుకి తోస్తే ఒక పైపులోకి ఆయిల్ పోతుంది, రెండో పైపు ట్యాంకుకి తెరుచుకుంటుంది. రెండో దిక్కుకి తోస్తే తారుమారు. మీ ట్రాక్టర్ కంపెనీయే ఆ మోడల్‌కి ఆక్సిలరీ వాల్వ్ కిట్ ఇస్తుందేమో ముందు కనుక్కోండి. దొరికితే అదే వేయించండి. ఏ పైపు ఎక్కడికి పోవాలన్న తలనొప్పి వాళ్ళు ముందే పడి ఉంటారు.

విడిగా కొని బిగించేట్లయితే రెండు విషయాలు గట్టిగా అడగండి.

మొదటిది, అది ఓపెన్ సెంటర్ వాల్వేనా? పాత ట్రాక్టర్లలో గేరు పంపు ఉంటుంది. ఇంజన్ తిరిగినంతసేపూ అది ఆయిల్ తోస్తూనే ఉంటుంది, ఆపడం దానికి తెలియదు. ఓపెన్ సెంటర్ వాల్వ్‌లో లివరు మధ్యలో ఉంటే ఆ ఆయిల్ అలా లోపలినుంచి సాగిపోతుంది. క్లోజ్డ్ సెంటర్ వాల్వ్ పెట్టారంటే దారి మూసుకుపోయి, మీరు పని చేసినా చేయకున్నా ఆయిల్ అంతా, పీడనం హద్దు దాటితే తెరుచుకునే రిలీఫ్ వాల్వ్ మీదుగా కీచుమంటూ పోతుంది. కాసేపటికి గేరు పెట్టె మీద చెయ్యి పెట్టలేరు.

రెండోది, వాల్వ్ తర్వాత ఆయిల్ ఎక్కడికి పోతుంది? దాన్ని పంపుకీ, పనిముట్టుని ఎత్తే లిఫ్ట్‌కీ మధ్యలో పెడితే, వాల్వ్ దాటిన ఆయిల్ లిఫ్ట్‌కి అందాలి. లిఫ్ట్ బరువెత్తినప్పుడు ఆ పైపులో పూర్తి పీడనం పడుతుంది. మామూలు వాల్వ్‌లో ట్యాంకు దారి ఆ పీడనానికి చేసింది కాదు. సీళ్ళు తన్నేస్తాయి, ఒక్కోసారి వాల్వ్ బాడీయే పగులుతుంది. ఇలాంటి చోట పవర్ బియాండ్ అనే వేరే పోర్టు ఉన్న వాల్వ్ తీసుకోవాలి. పీడనం ఉన్న ఆయిల్ దాని గుండా ముందుకి లిఫ్ట్‌కి పోతుంది, సిలిండర్ నుంచి తిరిగొచ్చే ఆయిల్ వేరే పైపులో నేరుగా ట్యాంకుకి పోతుంది. ఈ రెండో పైపు సన్నంగా ఉండకూడదు, ఎక్కడా మడత పడకూడదు. అమ్మేవాడు "అన్నీ ఒకటేనండీ" అంటే ఇంకో కొట్టు చూసుకోండి.

ఇక బిగింపు. నేను చూసిన లీకుల్లో ఎక్కువ భాగం టెఫ్లాన్ టేపు పుణ్యమే. కోన్ మీద కూర్చునే నట్టుకీ, ఓ రింగ్ ఉన్న ఫిట్టింగుకీ, వాషర్ మీద బిగిసే దానికీ టేపు అక్కర్లేదు. అక్కడ ఆయిల్‌ని ఆపేది మర కాదు. టేపు ముక్కలు ఊడి వాల్వ్‌లోకి పోయి, లోపల అటూ ఇటూ జరిగే స్పూల్ పట్టేస్తుంది. నట్టు బిగించేటప్పుడు రెండు స్పానర్లు వాడండి, ఒకటి పట్టుకోడానికి, ఒకటి తిప్పడానికి. లేకపోతే పైపు మెలిక పడుతుంది. హోస్ మీద పొడుగునా ముద్రించిన అక్షరాల గీత ఉంటుంది కదా, బిగించాక అది తిన్నగా ఉండాలి. జిలేబీలా చుట్టుకుపోతే విప్పి మళ్ళీ బిగించండి.

పైపు పొడుగు కొలిచేది నాగలి నేల మీద ఉన్నప్పుడు కాదు. పూర్తిగా పైకి లేపి, తర్వాత పల్టీ సగంలో ఉన్నప్పుడు, చివర్లో, మూడుసార్లూ చూడండి. ఎక్కడా లాగినట్టు ఉండకూడదు, టాప్ లింక్‌కీ ఫ్రేముకీ మధ్య నలగకూడదు, రోటావేటర్ లాంటివాటిని తిప్పే పి.టి.ఓ. షాఫ్ట్ వైపు వేలాడకూడదు.

హోస్ కొనని ట్రాక్టరుకి కలిపే కప్లర్లు తగిలించే ముందు నాగలి నేలకి దించి, ఇంజన్ ఆపి, స్పూల్ లివరు రెండు దిక్కులకీ నాలుగైదుసార్లు ఆడించండి. లోపల చిక్కుకున్న పీడనం పోతుంది. అది పోకుండా హోస్ కొననున్న నిపుల్ తోస్తే లోపలికి దిగదు. కొందరు సుత్తి తెస్తారు. సుత్తితో నిపుల్ కొన మీది చిన్న బంతిని కొట్టి పీడనం వదులుతారు. ఆయిల్ మొహాన చిమ్ముతుంది, బంతి సొట్టపోతుంది, ఇక జన్మలో సరిగా మూసుకోదు. రెండు కొనలూ శుభ్రమైన గుడ్డతో తుడవండి. కప్లర్ మీది ఒక్క ఇసుక రేణువు పంపులోకి పోతే చాలు. తోశాక వెనక్కి లాగి చూడండి. కప్లర్ సగమే కూర్చుంటే లోపలి బంతి పూర్తిగా తెరుచుకోదు. ఆయిల్ ఒక దిక్కుకి పోతుంది, వెనక్కి రాదు. "నాగలి సగం తిరిగి ఆగిపోతోంది" అని నా దగ్గరికొచ్చిన ఫిర్యాదుల్లో నేను మొదట చూసేది అదే. రెండు పైపులకీ కొనల దగ్గర రెండు రంగుల టేపు చుట్టండి, ట్రాక్టర్ వైపూ అవే రంగులు. తారుమారైతే లివరు తిరగబడుతుంది. అలవాటైన చెయ్యి తప్పు దిక్కుకి పోతుంది.

మొదటిసారి ఆడించేటప్పుడు చుట్టుపక్కల ఎవరినీ ఉండనివ్వకండి. నాగలి పూర్తిగా పైకెత్తి, ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుండగా అటూ ఇటూ కొన్నిసార్లు తిప్పండి. సిలిండర్‌లో గాలి ఉంటే మొదట గుంజినట్టు కదులుతుంది, తర్వాత సాఫీ అవుతుంది. అప్పుడు ఇంజన్ ఆపి ఆయిల్ మట్టం చూడండి, తగ్గి ఉంటుంది. పొలంలోనూ అంతే. పూర్తిగా లేపాకే తిప్పాలి. తిరిగేటప్పుడు ధన్‌మని పడుతుంటే ఇంజన్ వేగం తగ్గించండి, లేదా పైపులో ఆయిల్ జోరు తగ్గించే రిస్ట్రిక్టర్ వేయించండి.

ప్రశ్న: *మా ట్రాలీ తొట్టి సగం దాకా బాగా లేస్తుంది. అక్కడ ఆగి పంపు గరగరమంటుంది. ఖాళీ తొట్టి అయినా అంతే. పంపు మార్చమంటున్నారు.*

మీరు రాసిన ఉత్తరంలో జవాబు ఉంది: "ఖాళీ తొట్టి అయినా అంతే." పంపు అరిగిపోతే బరువుతో ఉన్నప్పుడు ఎక్కువ మొరాయించాలి. బరువు ఉన్నా లేకున్నా ఒకే చోట ఆగుతోందంటే ఆయిల్ చాలడం లేదన్నది నా అనుమానం.

జాకీ లోపలి వ్యాసం 100 మిల్లీమీటర్లు, రాడ్డు 80 సెంటీమీటర్లు బయటికి వస్తుందనుకోండి. పూర్తిగా లేచేసరికి ఆరు లీటర్ల పైచిలుకు ఆయిల్ జాకీలో ఉంటుంది. ఆ ఆయిల్ గేరు పెట్టె నుంచే వెళ్ళాలి. మట్టం అంత పడిపోతే పంపు పీల్చే గొట్టం తేలి, ఆయిల్‌తో పాటు గాలి కూడా పీలుస్తుంది. గరగర అదే. డిప్ స్టిక్ తీసి చూడండి, ఆయిల్ మజ్జిగ నురగలా కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

తొట్టి దించి, లిఫ్ట్ చేతులు దించి, ట్రాక్టరు సమంగా నిలబెట్టి మట్టం చూడండి. పై గీత దాకా నింపి మళ్ళీ లేపండి. తర్వాత కూడా ఆగితే పీల్చే వైపు ఫిల్టరు తీసి శుభ్రం చేయించండి, ఆ పైపు క్లిప్పులు వదులుగా ఉన్నాయేమో చూడండి. గాలి లోపలికి పోయే చోట ఆయిల్ బయటికి కారదు, అందుకే ఆ లీకు కంటికి కనిపించదు. పంపు మాట ఇవన్నీ అయ్యాక.

ఒక హెచ్చరిక. నింపేది ఏ ఆయిల్? చాలా ట్రాక్టర్లలో గేర్లకీ, హైడ్రాలిక్స్‌కీ, ఆయిల్‌లో మునిగి ఉండే బ్రేకులకీ ఒకటే ఆయిల్. మాన్యువల్‌లో రాసిన గ్రేడు కాకుండా చేతికందిన హైడ్రాలిక్ ఆయిల్ పోస్తే తొట్టి లేస్తుంది, బ్రేకు కీచుమంటుంది. ఊళ్ళో ఒకే ట్రాలీని నలుగురు ట్రాక్టర్లకి తగిలిస్తుంటే జాకీలో నలుగురి ఆయిలూ, నలుగురి మురికీ కలుస్తాయి. దానికి మందు లేదు, ఆయిల్ త్వరగా మార్చుకోవడమే.

తొట్టి కింద దూరి చూడాల్సి వస్తే దిమ్మె పెట్టాకే దూరండి. జాకీని నమ్మకండి.

ప్రశ్న: *లిఫ్ట్ దగ్గర రెండు లివర్లున్నాయి. మా డ్రైవరు ఒకటే వాడతాడు. రోటావేటర్‌కి ఏది, గొర్రుకి ఏది? రోటావేటర్ లేపినప్పుడు షాఫ్ట్ టకటకమంటోంది కూడా.*

ఒకటి పొజిషన్ కంట్రోల్, ఇంకోటి డ్రాఫ్ట్ కంట్రోల్. లివరు ఎక్కడుంటే పనిముట్టు ఆ ఎత్తులో ఉండాలంటే పొజిషన్. రోటావేటర్, విత్తనాల గొర్రు, నేలకి తగలకుండా మోసే ఏ పనిముట్టయినా దీంతోనే. డ్రాఫ్ట్ అంటే నేల పట్టే బరువుని బట్టి లిఫ్ట్ తనంతట తనే కాస్త లేచి దిగడం. నాగలి, గొర్రు గట్టి నేలలో తగిలినప్పుడు ఇంజన్ అణిగిపోకుండా, చక్రాలు జారకుండా ఇది కాపాడుతుంది. పనిముట్టుని ట్రాక్టరుకి మూడు చోట్ల తగిలించే మూడు లింకుల పద్ధతితో పాటు హ్యారీ ఫెర్గుసన్ తెచ్చింది ఇదే. 1939లో ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టరుతో అది విరివిగా అందుబాటులోకి వచ్చింది. మూడు లింకుల కన్నా ఈ రెండో లివరే ఆయన గొప్ప పని అని నా అభిప్రాయం. దాన్ని ముట్టుకోని డ్రైవర్లే ఎక్కువ, అది వేరే సంగతి.

టకటక సంగతి: పి.టి.ఓ. తిరుగుతుండగా రోటావేటర్‌ని పూర్తిగా లేపేస్తున్నట్టున్నారు. షాఫ్ట్ కీళ్ళు సుమారు 30 డిగ్రీలు దాటి వంగితే కొట్టుకుంటాయి, తర్వాత విరుగుతాయి. పొజిషన్ లివరు పక్కన జరిపి బిగించే ఆపు ఉంటుంది. మలుపులో కత్తులు నేలని వదిలేంత ఎత్తుకి దాన్ని బిగించండి. అంతకు పైకి లేపాల్సి వస్తే ముందు పి.టి.ఓ. ఆపండి. పక్క చైన్లు రోటావేటర్‌కి బిగువుగా, నాగలికి కాస్త వదులుగా. కింది లింకు పిన్నుల సైజూ చూసుకోండి. కేటగిరీ 1 అయితే 22 మిల్లీమీటర్లు, కేటగిరీ 2 అయితే 28. పెద్ద రంధ్రంలో చిన్న పిన్ను పెట్టి బుష్ వేయకపోతే ఆ చప్పుడూ తోడవుతుంది.

ప్రశ్న: *గొర్రు పైకెత్తి నిలబెడితే లిఫ్ట్ కొద్దికొద్దిగా ఎగిరెగిరి పడుతోంది. ఇంజన్ ఆపితే మెల్లగా దిగిపోతోంది.*

లిఫ్ట్ సిలిండర్ పిస్టన్ సీలు గానీ, కంట్రోల్ వాల్వ్ గానీ లోపల లీకవుతోంది. కాస్త జారగానే పొజిషన్ కంట్రోల్ మళ్ళీ పైకి లేపుతుంది, అదే ఎగురుడు. ఇంజన్ ఆపితే లేపేవాడు లేడు, దిగిపోతుంది. బయట కారడం లేదు కదా అని ఊరుకోకండి, ఎత్తిపెట్టిన పనిముట్టుతో రోడ్డెక్కకండి. మెకానిక్ లిఫ్ట్ పైమూత విప్పాల్సిన పని ఇది, ఇంట్లో చేసుకునేది కాదు.

ప్రశ్న: *హోస్ పైపు మీద ఎక్కడో సన్నగా తుంపర వస్తోంది. సైకిల్ ట్యూబు ముక్క చుట్టి నడిపిస్తున్నాను. చెయ్యి పెట్టి వెతికినా రంధ్రం దొరకడం లేదు. సీజన్ అయ్యేదాకా ఆగుతుందా?*

ఆగదు. ట్రాక్టరు ఇప్పుడే ఆపండి, ఇక చెయ్యి పెట్టకండి.

సూదిమొన రంధ్రం లోంచి నూరు బార్ పైగా పీడనంతో వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. బయటికి చీమ కుట్టినంత గుర్తు, మొదట నొప్పి కూడా పెద్దగా ఉండదు. లోపల మాత్రం ఆయిల్ కండరాల మధ్య పాకుతుంది. ఆలస్యమైతే వేలు, ఒక్కోసారి చెయ్యి పోతుంది. అనుమానం వస్తే చాలు, కాపడం, పసుపు, రేపు చూద్దాం అన్నవి వద్దు. నేరుగా ఆపరేషన్ చేయగలిగే ఆసుపత్రికి వెళ్ళి "ఎక్కువ పీడనంతో హైడ్రాలిక్ ఆయిల్ చర్మంలోకి పోయింది" అని అదే మాటల్లో చెప్పండి. చిన్న గాయమని తీసేయకుండా ఉండాలంటే ఆ మాట వినిపించాలి. ఇప్పటికే మీ చేతి మీద అలాంటి గుర్తు ఉంటే ఈ జవాబు పూర్తిగా చదవకుండానే బయల్దేరండి.

రంధ్రం వెతకాల్సి వస్తే కళ్ళద్దాలు పెట్టుకుని, పొడుగాటి అట్టముక్క పైపు వెంట దూరం నుంచి జరపండి, తడి పడ్డ చోటే లీకు. అసలు వెతకడం కూడా అనవసరం. తుంపర వచ్చిన హోస్ ఎలాగూ మార్చాల్సిందే, లోపలి తీగ తుప్పు పట్టి ఉంటుంది. ఇంజన్ ఆపి, పనిముట్టు దించి, లివర్లు ఆడించి పీడనం వదిలాకే విప్పండి. పాత పైపుని రెండు కొనల ఫిట్టింగులతో సహా తీసుకెళ్ళండి. అర అంగుళం పైపులో ఒక తీగ వల ఉన్నది సుమారు 160 బార్ దాకా, రెండు వలలది 275 బార్ దాకా పనికొస్తుంది. మీ ట్రాక్టర్ రిలీఫ్ వాల్వ్ ఎంతకి తెరుచుకుంటుందో మాన్యువల్‌లో చూసి, దానికన్నా పైనున్నదే అడగండి. ఒక వలది చవక, కానీ చాలా ట్రాక్టర్ల పీడనం దాని హద్దు దగ్గరే ఉంటుంది. నేనైతే రెండు వలలదే వేస్తాను. కొత్త పైపుని బిగించే ముందు లోపల గాలి ఊది శుభ్రం చేయండి. కోసినప్పుడు రాలిన రబ్బరు పొడి అందులోనే ఉంటుంది.